భగణం మోగించిన కంప్యూటర్

ఆర్.కె. పురం, ఢిల్లీ
20-1-2007, శనివారం

ఏవండీ,

అరుంధతి నమస్కారాలు. ఇక్కడ నేనూ దీపూ బాగున్నాం. చలికి నా వేళ్ళ చివర్లు పగిలాయి తప్ప ఒంట్లో ఏ ఇబ్బందీ లేదు. మీరు ఆ అరుణాచల్ కొండల్లో, ఆ నది ఒడ్డున, రోజూ నీటిమట్టం కొలుస్తూ ఆరోగ్యంగా ఉన్నారనే అనుకుంటున్నాను. ఫోను లైను ఇంకా బాగుపడలేదని మీ ఆఫీసువాళ్ళు చెప్పారు. అందుకే అంతా ఉత్తరంలోనే రాస్తున్నాను.

ముందుగా ఒక మాట. దీపు బుధవారం మీకు ఇంగ్లీషులో ఉత్తరం రాసి స్పీడ్ పోస్టులో వేశాడు. ఆటలు ఆడుకోవడానికి మీరు కొనిచ్చిన గ్రాఫిక్స్ కార్డును తానే కాల్చేశానని, క్షమించమని అందులో ఉంటుంది. అది నిజం కాదు. వాడు నిజమనుకునే రాశాడు, అయినా నిజం కాదు. ఆ ఉత్తరం మీకు ముందే అంది ఉంటే దానికి జవాబు రాయకండి. ముందు ఇది చివరిదాకా చదవండి.

ఇప్పుడు సంతోషమైన కబురు. మన కంప్యూటర్ని నేను బాగు చేశాను. నేనే, నా చేతులతో, డబ్బా మూత విప్పి. ఇది రాస్తుంటే నాకే నవ్వొస్తోంది. రెండు రోజుల నుంచీ ఆ గదిలోంచి వెళ్ళినప్పుడల్లా పని లేకపోయినా ఒకసారి దాన్ని వెలిగించి చూసుకుంటున్నాను.

మీరు అడిగినవాటికి ముందు జవాబులు చెబుతాను, లేకపోతే ఈ హుషారులో మరచిపోతాను. గీజరు బాగైంది. మీ బూడిదరంగు స్వెట్టరు పార్సిల్ చేశాను. దీపుకి ప్రీబోర్డు పరీక్షలు నిన్నటితో అయిపోయాయి, లెక్కలు బాగా రాశానన్నాడు. వాడి కంప్యూటర్ సైన్సు ప్రాజెక్టు ఎల్లుండి సోమవారం స్కూల్లో ఇవ్వాలి. స్కూలు లైబ్రరీలో ఏ పుస్తకం ఎవరి దగ్గరుందో చూపించే ప్రోగ్రాం అది. నాలుగు నెలలు కూర్చుని రాశాడు. అదంతా ఉన్నది ఆ కంప్యూటర్‌లోనే, ఇంకెక్కడా దాచుకోలేదు. ఇది గుర్తుంచుకుని చదవండి, అప్పుడు నేను ఈ వారం ఎలా గడిపానో మీకు అర్థమవుతుంది.

చలి ఎక్కువని మా బడిలో బోర్డు తరగతులకు తప్ప మిగతావాళ్ళకు ఇంకో వారం సెలవు పొడిగించారు. కాబట్టి సోమవారం నేను ఇంట్లోనే ఉన్నాను. దీపు పరీక్షకి వెళ్ళాక, పదిగంటల వేళ, కంప్యూటర్ లోంచి ఆ కార్డు తీసేశాను. ఎందుకు తీశానన్నది కాసేపట్లో చెబుతాను. ముందే చెబితే మీరు అక్కడే ఆగిపోయి మిగతాది కోపంతో చదువుతారు. తీయడం ఎలాగో నాకు తెలుసు. దీపూ, వాడి స్నేహితుడి అన్నా ఆ కార్డు బిగించిన రోజు టార్చిలైటు పట్టుకున్నది నేనే కదా. ఒక మర విప్పి, చివరన ఉన్న చిన్న కొక్కెం నొక్కి పట్టుకుని, కార్డును నిదానంగా పైకి లాగాను. వచ్చేసింది.

కార్డు లేకపోయినా లోపలి అసలు బోర్డుకి సొంతంగా బొమ్మ చూపించే ఏర్పాటు ఉందని, పెద్ద ఆటలు తప్ప మిగతా పనులన్నీ దానితో అవుతాయని వాళ్ళు అప్పుడు అనుకోవడం విన్నాను. మానిటర్ కేబుల్ ఇంతకాలం ఆ కార్డుకే తగిలించి ఉండేది. ఇప్పుడు దాన్ని ఎక్కడ పెట్టాలా అని వెనకంతా వెతికితే, కాస్త పైన అలాంటిదే నీలంరంగు సాకెట్ ఇంకొకటి కనిపించింది, ప్లాస్టిక్ మూతతో. మూత తీసి కేబుల్ బిగించి స్విచ్ వేశాను. ఫ్యాను తిరిగింది, దీపం వెలిగింది. మానిటర్ మాత్రం నల్లగానే ఉంది. దాని మీద సిగ్నల్ లేదని చెప్పే చిన్న పెట్టె ఒకటి ఈ మూల నుంచి ఆ మూలకి తేలుతూ తిరుగుతోంది. లోపలి నుంచి ఏదో కూత వస్తోంది.

ఆపి మళ్ళీ వేశాను. కేబుల్ తీసి పెట్టాను. పదిసార్లు చేశాను. అదే నలుపు, అదే కూత. వాడి నాలుగు నెలల పని లోపల ఉండిపోయింది.

మూడింటికి దీపు వచ్చాడు. మూత తీసి ఉన్న డబ్బాను చూసి, "మమ్మీ, యే ఖులా క్యోం హై?" అన్నాడు, ఇదెందుకు తెరిచి ఉందని. నేను అబద్ధం చెప్పాను. కంప్యూటర్ వెయ్యగానే మాడిన వాసన వచ్చిందనీ, భయపడి కార్డు లాగేశాననీ, షాపులో చూపిస్తే అది పనికిరాదన్నారనీ చెప్పాను. ఏ షాపు, కార్డు ఏదీ అని వాడు అడుగుతాడనుకుని వాటికి కూడా జవాబులు సిద్ధం చేసుకున్నాను. వాడు ఏమీ అడగలేదు. బ్యాగు దించకుండానే కూర్చుని తానూ స్విచ్ వేసి చూశాడు, కూత విన్నాడు. కార్డుతోపాటు బోర్డు కూడా పోయిందనుకున్నాడు. ఆ రాత్రి అన్నం ముందు కూర్చుని లేచిపోయాడు.

మంగళవారం వాడు పరీక్షకి వెళ్ళాక మళ్ళీ దాని ముందు కూర్చున్నాను. ఈసారి కంగారు పడకుండా ఆ కూతను విన్నాను. ఒకటి పొడుగ్గా, తర్వాత రెండు పొట్టిగా. ఆగి, మళ్ళీ అదే. ఇరవై రెండేళ్ళుగా పిల్లలకు ఛందస్సు చెబుతున్నదాన్ని, నాకు అది వేరేగా ఎలా వినిపిస్తుంది? గురువు, లఘువు, లఘువు. భగణం. ఇది పాడైన యంత్రం మూలుగు కాదు. ఇంత కచ్చితంగా, ఒక్కసారి కూడా తప్పకుండా అదే గణం వేస్తోందంటే ఏదో చెబుతోంది. దాని భాష తెలిసినవాళ్ళు దొరకాలి, అంతే.

బుధవారం మధ్యాహ్నం మునిర్కా వెళ్ళాను. అక్కడ సందులో దశరథ్ అని ఒకతను కంప్యూటర్లు బాగు చేస్తాడు. బిహారు మనిషి, నలభై ఏళ్ళుంటాయి, మెడకి మఫ్లరు చుట్టుకుని హీటరు ముందు కూర్చున్నాడు. సంగతి చెప్పి, ఆ కూత ఎలా ఉందో బల్ల మీద వేలితో కొట్టి వినిపించాను. రెండోసారి కొట్టకముందే చెయ్యెత్తి ఆపాడు. అది డిస్‌ప్లే ఫిర్యాదట. బొమ్మ చూపించే దారి దొరకలేదని బోర్డు చెప్పే మాటట.

"దీదీ, కార్డ్ తో నికాల్ దియా, పర్ బోర్డ్ కో కిసీనే బతాయా నహీఁ," అన్నాడు.

కార్డు తీసేశారు గానీ ఆ సంగతి బోర్డుకి ఎవరూ చెప్పలేదని. దీపు స్నేహితుడి అన్న ఆ కార్డు బిగించిన రోజున, బోర్డు సొంత డిస్‌ప్లేని సెట్టింగుల్లో మూసేసి ఉంటాడట. ఆ బోర్డు ఇంకా లేని కార్డు కోసమే వెతుకుతోంది. మరి సెట్టింగు మారుద్దామంటే తెర మీద ఏమీ కనబడదు కదా అన్నాను. దానికీ మార్గం ఉందన్నాడు. బోర్డు మీద రూపాయి బిళ్ళలాంటి బ్యాటరీ ఒకటి ఉంటుంది. ఆ సెట్టింగులన్నీ గుర్తుండేది దానివల్లే. కరెంటు తీగ పూర్తిగా పీకేసి, ఆ బ్యాటరీ తీసి పది నిమిషాలు పక్కన పెడితే బోర్డు అన్నీ మరచిపోయి, కొన్న రోజున ఎలా ఉందో అలా అయిపోతుంది. అప్పుడు సొంత డిస్‌ప్లే దానంతటదే తెరుచుకుంటుంది. తాను శనివారం దాకా రాలేనన్నాడు. అయితే నేనే చేస్తానన్నాను. ఒక పాత బిల్లు వెనక బోర్డు బొమ్మ గీసి, బ్యాటరీ ఎక్కడుంటుందో చుక్క పెట్టి ఇచ్చాడు. లోపల చెయ్యి పెట్టేముందు ఇనప కిటికీ చువ్వ ఒకసారి ముట్టుకోమని, ఒంట్లో ఉండే కరెంటు పోతుందని కూడా చెప్పాడు. అక్కడి నుంచి ఇంటిదాకా నడిచే వచ్చాను. బస్సు కోసం ఆగే ఓపిక లేకపోయింది.

ఇంటికి వచ్చేసరికి దీపు వంటింట్లో నిలబడి ఉన్నాడు. నా వైపు చూడకుండా, "మమ్మీ, వో కార్డ్ మైనే జలాయా," అన్నాడు, తానే కాల్చేశానని. ఏదో ప్రోగ్రాం తెచ్చి ఆ కార్డును దాని శక్తికి మించి వేగంగా నడిపిస్తున్నాడట, రెండు నెలలుగా. అలా చేస్తే కాలిపోతుందని స్నేహితులు చెప్పినా వినలేదట. నాన్నకు ఉత్తరం రాసి పోస్టు చేసి వచ్చానన్నాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. నేను చెప్పిన అబద్ధం వాడికి అంత అతికినట్టు ఎందుకు సరిపోయిందో అప్పుడు తెలిసింది నాకు. నిజం గొంతుదాకా వచ్చింది. మింగేశాను. ముందు కంప్యూటర్ వెలగాలి, ప్రాజెక్టు వాడి చేతికి రావాలి, అప్పుడు చెబితే కాస్త తక్కువ అసహ్యించుకుంటాడనుకున్నాను. పిరికితనమే, ఒప్పుకుంటాను.

గురువారం పొద్దున్న పక్క క్వార్టరు సీతారత్నం గారిని పిలిచాను. మీకు తెలుసుగా, పాలకొల్లు ఆవిడ, ఆసుపత్రిలో నర్సు. రాత్రి డ్యూటీ చేసి వచ్చి కూడా పాపం నిద్రపోకుండా చిన్న పట్టకారులాంటి ఫోర్సెప్స్ పట్టుకుని వచ్చారు. ఆవిడ టార్చి పట్టుకుంటే నేను కిటికీ చువ్వ ముట్టుకుని, దశరథ్ గీసిన బొమ్మ చూసుకుంటూ బ్యాటరీని కనిపెట్టాను. పక్కనున్న చిన్న రేకు నొక్కితే ఒక పక్క లేచింది. ఫోర్సెప్స్‌తో పట్టి తీసి బల్ల మీద పెట్టాను. ఇక పది నిమిషాలు ఆగాలి.

ఆ పది నిమిషాల్లో సీతారత్నం గారికి నిజం చెప్పేశాను. మీకూ ఇక్కడే చెబుతాను.

కార్డు కాలలేదు. మాడిన వాసనా రాలేదు, ఏ షాపుకీ తీసుకెళ్ళలేదు. దాన్ని పాత పట్టు జాకెట్టు ముక్కలో చుట్టి, రజాయిలు బయటికి తీశాక ఖాళీగా ఉన్న పెట్టెలో దాచాను. వాడి చదువు పాడవుతోందని చేశానంటే మీరూ నమ్ముతారు, లోకమూ మెచ్చుకుంటుంది. కానీ అది కాదు కారణం. వాడు బాగానే చదువుతున్నాడు. కార్డు తీయడానికి ముందురోజు, ఆదివారం, వాడు చెవులకి హెడ్‌ఫోను పెట్టుకుని ఆడుతూ, ఎవరో స్నేహితుడితో మాట్లాడుతూ పగలబడి నవ్వాడు. ఎన్నాళ్ళయిందో వాడి నవ్వు అలా విని. నేను గుమ్మంలో నిలబడి ఏంట్రా అంత నవ్వు అని అడిగాను. వాడు ఒక చెవి మీది నుంచి హెడ్‌ఫోను జరిపి, "కుఛ్ నహీఁ, మమ్మీ," అని, ఏమీ లేదని తేల్చేసి, మళ్ళీ పెట్టేసుకున్నాడు. అంతే. దానికే మర్నాడు నేను ఆ కార్డు పీకేశాను.

సీతారత్నం గారు టార్చి ఆర్పి నన్ను చూశారు. "నాకు చెప్పి ఏం చేస్తారండీ, సాయంత్రం ఆ పిల్లోడికి చెప్పండి," అన్నారు. కోప్పడలేదు, ఓదార్చలేదు. పన్నెండు నిమిషాలైందని గడియారం చూపించారు.

బ్యాటరీ మళ్ళీ పెట్టి, తీగ తగిలించి, స్విచ్ వేశాను. ఫ్యాను తిరిగింది. ఒక్క కూత. పొట్టిది. ఒకే ఒక్క లఘువు. ఆ తర్వాత నల్ల తెర మీద తెల్లటి అక్షరాలు గబగబా దిగాయి. సీతారత్నం గారు స్తోత్రం స్తోత్రం అంటూ నా భుజం పట్టుకుని ఊపేశారు. మా అరుపులకి కిందింటివాళ్ళు తలుపు తీసి చూశారట. కంప్యూటర్‌కి ఆ రోజు తేదీ కూడా గుర్తులేదు. 2002 జనవరి ఒకటి అని చూపించింది. ఎఫ్ వన్ నొక్కమంటే నొక్కాను, విండోస్ వచ్చింది.

వచ్చింది గానీ చూడ్డానికి భయంకరంగా ఉంది. బొమ్మలన్నీ దోసకాయలంత, రంగులు వెలిసిపోయి, దీపు చిన్నప్పటి ఫొటోలో మొహం మీద పచ్చటి మరకలు. దశరథ్ ఇది కూడా ముందే చెప్పాడు, బోర్డుతో పాటు వచ్చిన సీడీ వెయ్యాలని. బీరువాలో గ్యాస్ కనెక్షన్ కాగితాల కింద మీరు దాచినది దొరికింది. మీ జాగ్రత్తని నేను ఎన్నిసార్లు వెక్కిరించానో, ఆ రోజు అన్నిసార్లూ మనసులో దణ్ణం పెట్టుకున్నాను. సీడీ వేసి, అది అడిగినప్పుడల్లా సరే సరే అని నొక్కుతూ పోయాను. రెండుసార్లు ఆగి మొదలైంది. తెర ఒక్కసారి ఆరిపోయి, మళ్ళీ వెలిగింది. ఈసారి అక్షరాలు సన్నగా, స్పష్టంగా, రంగులన్నీ వాటి వాటి చోట్ల. దీపు ఫొటోలో మొహం తేటగా ఉంది.

సాయంత్రం వాడు వచ్చాడు. గుమ్మంలోంచే తెర చూశాడు. షూ విప్పకుండా వచ్చి కూర్చుని ప్రాజెక్టు తెరిచి, పైనుంచి కిందిదాకా చూసుకుని, నా వైపు తిరిగి, "ఆప్‌నే కియా?" అన్నాడు, నువ్వే చేశావా అని. అవునన్నాను. నవ్వబోతున్నాడు. ఆ నవ్వు పూర్తయ్యేలోగా చెప్పకపోతే ఇక ఎప్పటికీ చెప్పలేననిపించింది. పెట్టెలోంచి కార్డు తెచ్చి వాడి ముందు పెట్టి అంతా చెప్పాను. అబద్ధమూ, దానికి కారణమూ, ఆ ఆదివారం సంగతీ, ఏదీ దాచకుండా.

వాడు చాలాసేపు కార్డును అటూ ఇటూ తిప్పి చూశాడు. వాడు మొదట అడిగినది ఏమిటో తెలుసా? తీసేముందు స్విచ్ ఆపావా లేదా అని. ఆపానన్నాను. తలూపాడు. తర్వాత కార్డు అక్కడే వదిలేసి, జర్కిన్ తగిలించుకుని బయటికి వెళ్ళిపోయాడు. మూడు రోజులు తనను తాను తిట్టుకుంటూ, తిండి మానేసి, తండ్రికి క్షమాపణ రాసుకున్న పిల్లవాడు. వెళ్ళక ఏం చేస్తాడు? నేను వరండాలో నిలబడ్డాను. పొగమంచులో వాడు పార్కు చుట్టూ తిరుగుతుంటే వాడి ఎర్ర టోపీ ఒక్కటే కనబడుతూ పోతూ ఉంది.

గంటన్నర తర్వాత వచ్చాడు. చెవులు ఎర్రబడి ఉన్నాయి. వంటింట్లో నా ఎదురుగా పీట వాల్చుకుని కూర్చుని, ఒక్కొక్క మాటే వెతుక్కుంటూ అన్నాడు.

"నువ్వు నాకు అడిగితే, నేనే తీసి ఇచ్చేవాడు కదా అమ్మా."

తెలుగులోనండీ. అందులో రెండు తప్పులున్నాయి. ఇరవై రెండేళ్ళ పంతులమ్మని, ఒక్కటీ దిద్దలేదు. ఆ రాత్రి మేమిద్దరం ఒకే రజాయి కప్పుకుని అన్నం తిన్నాం. ఆదివారం ఎందుకు నవ్వాడో చెప్పాడు. సీతారత్నం గారి అబ్బాయి స్టీవ్ ఆ ఆటలో ట్యాంకు నడుపుతూ తనవాళ్ళ వంతెననే కూల్చేసి, అవతలి ఒడ్డున ఒక్కడే ఇరుక్కుపోయాడట. నాకు సగం అర్థం కాలేదు. అయినా కడుపు పట్టుకుని నవ్వాను. కార్డు మాత్రం బోర్డు పరీక్షలు అయ్యేదాకా బిగించనన్నాడు. మీకు రాసిన ఉత్తరం గురించి కాస్త సిగ్గుపడుతున్నాడు, దాని మాట మీరు వాడి దగ్గర ఎత్తకండి. కార్డును శక్తికి మించి నడిపించిన మాట మాత్రం నిజమే. దానికి నేను చెప్పాల్సినవి చెప్పాను.

ఇక ఒక్కటి మిగిలింది. ఇది దీపుకి కూడా చెప్పలేదు.

మీ ఉత్తరం చివర, అక్కడే ఇంకో ఏడాది ఉండడానికి ఆఫీసువాళ్ళు ఒప్పుదల అడుగుతున్నారని, నెలాఖరులోగా కాగితం మీద సంతకం పెట్టాలని రాశారు. ఆ నదికి మూడు వర్షాకాలాల లెక్క పూర్తయితే మీ పనికి ఒక విలువ వస్తుందని నాకు తెలుసు. పదో తారీఖున ఫోనులో మీరు అడిగినప్పుడు, ఏడాది ఎంతలో గడుస్తుంది, ఉండండి అన్నాను. నా గొంతు వేరుగా ఉందంటే జలుబన్నాను. జలుబు కాదు. ఏడుస్తున్నానని మీకు తెలియకూడదని ముక్కు మూసుకున్నాను.

నేను ధైర్యంగానే ఉన్నాను, ఇల్లు నడుపుతున్నాను, ఇప్పుడు కంప్యూటర్ కూడా బాగు చేస్తున్నాను. అవేవీ అబద్ధం కాదు. కానీ బడిలో ముప్ఫై మంది పిల్లలు నా తెలుగుకి హిందీలో జవాబిస్తారు. ఇంటికొస్తే కొడుకు చెవుల మీద హెడ్‌ఫోను. నాతో నా మాటల్లో మాట్లాడే మనిషి పదిహేడు నెలలుగా నీళ్ళు కొలుస్తూ ఎక్కడో ఉన్నారు. కొడుకు నవ్వును చూసి కుళ్ళుకుని కార్డు పీకే దశకి వచ్చానంటే, ఇంకో ఏడాది నేను ఉండగలనని మీకు చెప్పడం మోసమే అవుతుంది. ఉండలేను. మీరు వచ్చేయండి. నది లెక్కలు వేరెవరైనా పూర్తి చేస్తారు.

దీపు స్పీడ్ పోస్టుకి తయారై నిలబడ్డాడు, ఒంటిగంటకి కౌంటరు మూసేస్తారట. ఈ ఉత్తరం అందిన రోజు మీ బల్ల మీద ఆ కాగితం ఉంటే, దాని మీద సంతకం పెట్టకండి.

ఇట్లు,
మీరు త్వరగా రావాలని కోరుకునే మీ భార్య,
అరుంధతి